పదకొండు ఎర్ర పట్టీలు

మా అక్క ఓబుళమ్మ చేతికి మొదటిసారి పట్టీ వేసినప్పుడు అది ఎర్రబడింది. పాడైపోయిందనుకుని పారేశాను. రెండోది వేశాను. అదీ ఎర్రబడింది. మూడోది కూడా ఎర్రబడేసరికి నాకు విసుగొచ్చింది.

"చేతులు కడుక్కున్నావా అక్కా? పసుపో సున్నమో అంటుకోనుంటాది."

"రెండుసార్లు కడుక్కున్యా పాపా. నీ పట్టీలే బాగలేవేమో," అంది అక్క, అన్నం వారుస్తూ.

ప్రయోగశాలలో రెండేళ్ళు కష్టపడి చేసిన వస్తువు మా అక్క వంటింట్లో పనిచేయకపోతే తప్పు వంటింటిదే అవుతుంది గానీ నాది ఎందుకవుతుంది? చదువుకున్నవాళ్ళకు ఉండే తెగులే ఇది. మూడు పట్టీలూ పొయ్యిలో పడేసి, మళ్ళీ ఆ సంగతి తలచుకోలేదు.

ఆ పట్టీ ఏమిటో చెప్పాలి. బొటనవేలంత వెడల్పున్న పసుపుపచ్చ కాగితం. మణికట్టు లోపలివైపు అంటించి అరవై అంకెలు లెక్కపెడితే చాలు. పరీక్ష రాయబోయే పిల్లకు వేస్తే రంగు మారదు. పామును చూసి పరుగెత్తి వచ్చినవాడికి వేసినా మారదు. సాటి మనిషి బెదిరిస్తే కలిగే భయానికి మాత్రం ఒంట్లో వేరే రసాయనం ఒకటి పుడుతుందనీ, అది మూడు రోజులదాకా చెమటలో ఉంటుందనీ మా ఆచార్యులు హబీబుల్లాగారు కనిపెట్టారు. ఆ రసాయనం తగిలితే, పసుపులో సున్నం కలిపినట్టు, పట్టీ ఎర్రబడుతుంది. మేము దానికి పెద్ద సంస్కృతం పేరు పెట్టాం. జనం మాత్రం దడపట్టీ అన్నారు. అదే నిలిచింది.

అనంతపురంలో మా ప్రయోగశాలకు రెండు వందల మంది కాలేజీ పిల్లలను పిలిపించి పరీక్షించాం. నాటకాల్లో దుర్మార్గుడి వేషాలు వేసే ఒకాయనను తెచ్చి, ఒక్కొక్కరినీ గదిలోకి పంపేవాళ్ళం. "మైక్రోస్కోపు నేనే పగలగొట్టాను అని ఈ కాగితం మీద సంతకం పెట్టు. లేకపోతే కాలేజీలో నీ పేరు ఉండదు," అని ఆయన గుడ్లురిమేవాడు. పిల్లలు వణుకుతూ సంతకం పెట్టేవాళ్ళు. పట్టీ ఎర్రబడేది. తర్వాత నిజం చెప్పి, లడ్డు చేతిలో పెట్టి పంపేవాళ్ళం. లడ్డు తింటూ కూడా ఏడ్చిన పిల్లలు ఉన్నారు. ఆ ఏడుపు మా నివేదికలో ఎక్కడా రాయలేదు.

నివేదిక చివర్లో నేనొక వాక్యం రాశాను. "బెదురులో పెట్టిన సంతకం సంతకం కాదు." బాగుందన్నారు అందరూ. నాకూ బాగా నచ్చింది.

అదే సమయానికి ఎన్నికల సంస్కరణల సంఘం ఒకటి కొత్త నిబంధనలు తయారుచేస్తూ ఉంది. ఊళ్ళల్లో నామినేషన్ వేసినవాళ్ళను బెదిరించి, మర్నాడే ఉపసంహరణ పత్రం మీద సంతకం పెట్టించి, ఏకగ్రీవమని చాటింపు వేయించే పద్ధతి ఉంది కదా, దాన్ని ఆపాలని వాళ్ళ ఆరాటం. ఆడవాళ్ళకు కేటాయించిన చోట్ల మొగుళ్ళు గదిమి పెళ్ళాలచేత నామినేషన్ వేయించడం ఇంకో బెడద. మా పట్టీ చూసి సంఘం ఎగిరి గంతేసింది. నా వాక్యాన్నే ఏడో నిబంధన చేశారు. నామినేషన్ వేసేటప్పుడూ, ఉపసంహరించుకునేటప్పుడూ పట్టీ వేయాలి. పసుపుగా ఉంటే సంతకం చెల్లుతుంది. ఎర్రబడితే చెల్లదు.

మొదటి విడత ఎన్నికల్లో బలవంతపు ఉపసంహరణలు నూట నలభై చోట్ల ఆగిపోయాయి. పత్రికల్లో మా ఫొటోలు వచ్చాయి. హబీబుల్లాగారు అందరికీ బిర్యానీ పెట్టారు. నేను అక్కకు ఫోన్ చేసి గొప్పగా చెప్పుకున్నాను.

"అయితే ఇంగ బెదిరించేవాళ్ళ ఆటలు సాగవన్నమాట," అంది అక్క. మళ్ళీ తనే అంది. "నేను సర్పంచికి నిలబడతా పాపా."

ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాను.

మా ఊరు బొమ్మక్కపల్లెలో ఇరవై ఎనిమిదేళ్ళుగా సర్పంచి ఎన్నికలో ఓటు వేసినవాళ్ళు లేరు. పెద్దింటి వీరభద్రప్ప ఎవరి పేరు చెబితే వాళ్ళే సర్పంచి. ఈసారి ఆడవాళ్ళ కోటా వచ్చింది కాబట్టి ఆయన కోడలు శ్రీవాణి. వీధి కుళాయిలకు నీళ్ళు వదిలే వాల్వు తిప్పడానికి ఒక ఇనుప పిడి ఉంటుంది. అది పంచాయతీది. కానీ పెద్దింటి వరండాలో, ఆయన కుర్చీ వెనక వేలాడుతూ ఉంటుంది. నీళ్ళు కావాలంటే ఆడవాళ్ళు బిందెలతో ఆ వరండా ముందు నిలబడి అడగాలి. ఆయన పేపరు చదవడం పూర్తయ్యేదాకా నిలబడాలి. అక్క పెళ్ళయినప్పటినుంచీ నిలబడుతూనే ఉంది.

"ఆ పిడి పంచాయతీ ఆఫీసులో మేకుకు తగిలిస్తా. అంతే. ఇంగేం అడగను," అంది అక్క.

నామినేషన్ రోజు సెలవు పెట్టి పొద్దున్నే ఊరికి పోయాను. అక్కా బావా చీనీ తోట, అదే బత్తాయి తోట, గట్టు మీద నిలబడి ఉన్నారు. మా బావ తిప్పేస్వామి మామూలుగానే తక్కువ మాట్లాడే మనిషి. తోట మొదటి వరసలో ఒక చెట్టును మొదలంటా కోసేసి ఉన్నారు. ఒక్కటే. కాయలతో సహా పక్కకు ఒరిగి పడి ఉంది. మిగిలిన మూడు వందల చెట్లూ నిలబడే ఉన్నాయి. చీనీ మొక్క కాపుకు రావాలంటే ఐదారేళ్ళు పడుతుంది. మిగిలినవి ఎందుకు వదిలారో మా ముగ్గురికీ అర్థమైంది.

"పోదామా అక్కా, ఇంటికి?" అన్నాను.

"ఇంటికేంటికి? మండలానికి పోదాం పా. పదకొండుకు మొదలుపెడతారంట," అంది అక్క. కొంగుతో మొహం తుడుచుకుంది. నాకన్నా ముందే ఆటో ఎక్కింది.

మండలాఫీసు వరండాలో బల్ల వేసుకుని ఎన్నికల అధికారిణి ప్రమీలారాణిగారు కూర్చున్నారు. చుట్టూ జనం. వీరభద్రప్ప మనుషులే ఎక్కువ. శ్రీవాణికి అప్పటికే పట్టీ వేశారట, పసుపుగానే ఉందట. అక్క సంతకం పెట్టి చెయ్యి చాపింది. పట్టీ అంటించి అధికారిణి లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఇరవై దగ్గరే పట్టీ ఎర్రబడింది. అరవై అయ్యేసరికి పారాణిలా ముదురు రంగు తిరిగింది.

ఎవరో నవ్వారు. "దడపట్టీ కాదురా, దడక్క" అన్నారు ఇంకెవరో. వరండా అంతా నవ్వు.

"ఏడో నిబంధన ప్రకారం ఇది చెల్లదమ్మా. రేపు పరిశీలనలో తిరస్కరిస్తాం," అన్నారు అధికారిణి. ఆమె మొహంలోనూ సంతోషం లేదు.

"భయపడేది నేరమా మేడమ్?"

"నేరం కాదమ్మా. నిబంధన."

"నా చెట్టు కోసినోళ్ళకు ఏ నిబంధనా లేదు. కోయించుకున్న దాన్ని, నాకుండాదా?"

అధికారిణి కలం మూత పెట్టారు. జిల్లాలో ఇలా తిరస్కరణకు వచ్చినవి అప్పటికే పదిహేడు ఉన్నాయని గొంతు తగ్గించి నాతో అన్నారు. అప్పుడు అర్థమైంది నాకు. ఇదివరకు అభ్యర్థిని ఆపాలంటే ఎత్తుకుపోవాలి, కాగితాలు చింపాలి, పదిమందిని పోగుచేయాలి. ఇప్పుడా శ్రమ లేదు. ముందురోజు కాస్త బెదిరిస్తే చాలు. మిగిలిన పని మా పట్టీ చేసిపెడుతుంది.

బయట చింతచెట్టు కింద బెంచీ మీద కూర్చున్నాం. అక్క తన మణికట్టు కేసి చూసుకుంటూ అడిగింది.

"ఇది నువ్వు కనిపెట్టిందే కదా పాపా?"

దెప్పడానికి అనలేదు. నిజంగానే అడిగింది. అవునని తలూపాను. వంటింట్లో పొయ్యిలో వేసిన మూడు పట్టీలు గుర్తొచ్చాయి. అవి పాడైనవి కావు. మా అక్క పొద్దున లేచి అన్నం వార్చుకుంటున్నప్పుడు కూడా భయంతోనే ఉంది. అంతకుముందు రోజూ వరండా ముందు నిలబడింది, మర్నాడూ నిలబడాలి. నా వస్తువు ఆ మాట మూడుసార్లు చెప్పింది. నేను వినలేదు.

ఇంకేమేం పారేశామో చూడాలనిపించింది. బస్సెక్కి అనంతపురం వచ్చి, సాయంత్రానికల్లా ప్రయోగశాల బీరువా తెరిచాను. పరీక్షల రిజిస్టరులో రెండు వందల పేర్లు. వాటిలో పదకొండు పేర్ల మీద అడ్డంగా గీత. పక్కన హబీబుల్లాగారి చేతిరాత: "సహకరించలేదు. లెక్కలోంచి తీసివేయడమైనది."

ఆ పదకొండు మంది సంతకం పెట్టనివాళ్ళు. వేషగాడు ఎంత గుడ్లురిమినా, "నేను పగలగొట్టలేదు, పెట్టను" అన్నవాళ్ళు. మాకు కావలసింది బెదిరి సంతకం పెట్టేవాళ్ళు కాబట్టి వీళ్ళు ప్రయోగాన్ని పాడుచేశారని గీత కొట్టేశాం. ధైర్యవంతులు, పట్టీ పసుపుగానే ఉండి ఉంటుంది అనుకున్నాం. అనుకున్నామే గానీ చూడలేదు. వాళ్ళ పట్టీలు గాజు గొట్టాల్లో వేసి, మూత బిగించి, అడుగు అరలో పెట్టేశాం.

ఒక్కొక్క గొట్టం వెలుతురుకు పట్టి చూశాను. పదకొండూ ఎరుపే. సంతకం పెట్టినవాళ్ళ పట్టీలకన్నా రెండింతలు ముదురు ఎరుపు.

హబీబుల్లాగారి బల్ల మీద వరసగా పేర్చాను. అరవై ఏళ్ళ మనిషి. కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ చూశారు.

"అందరికన్నా ఎక్కువ భయపడింది వీళ్ళేనా తల్లీ?"

"అవును సార్. భయపడీ పెట్టలేదు."

ఆయన ఒక గొట్టం చేతిలోకి తీసుకున్నారు. "నేనైతే పెట్టేసేవాణ్ణి," అన్నారు చివరికి. "అందుకే వీళ్ళు నాకు అర్థం కాలేదు. గీత కొట్టింది నేను. రేపు అప్పీలుకు నేనూ వస్తాను. ఆ గీత ఎవరు కొట్టారంటే చెప్పడానికి మనిషి ఉండాలి కదమ్మా."

మర్నాడు పొద్దున పది గంటలకే తిరస్కరించారు. ఆ మధ్యాహ్నమే సబ్ కలెక్టర్ ఇందుశేఖర్‌గారి ముందు అప్పీలు. ముప్పై ఏళ్ళు దాటని కుర్రాడు, కానీ కాగితం మొత్తం చదివి గానీ తలెత్తని రకం. వీరభద్రప్ప తరఫున ఒక వకీలు వచ్చాడు. వీరభద్రప్ప స్వయంగా వచ్చి వెనక కుర్చీలో కాలుమీద కాలేసుకుని కూర్చున్నాడు. అక్క ఆయనకేసి చూడకుండా గోడ వారగా నిలబడింది.

వకీలు మా నివేదికే తెరిచి నా వాక్యమే చదివాడు. "బెదురులో పెట్టిన సంతకం సంతకం కాదు. ఇది రాసిన శాస్త్రవేత్త ఇక్కడే ఉన్నారు, అభ్యర్థికి స్వయానా చెల్లెలు. ఆమెనే అడగండి సార్, ఈ వాక్యం తప్పా అని."

అందరూ నాకేసి చూశారు. నా ఉద్యోగం, రెండేళ్ళ పని, పత్రికల్లో వచ్చిన ఫొటో, అన్నీ ఆ వాక్యం మీదే నిలబడి ఉన్నాయి.

"తప్పే సార్," అన్నాను. "నేను గంగరత్నను. ఆ వాక్యం రాసింది నేనే. తప్పు రాశాను."

హబీబుల్లాగారు లేచి పదకొండు గొట్టాలూ బల్ల మీద పెట్టారు. ఏం జరిగిందో దాచకుండా చెప్పారు, గీత సంగతితో సహా. "పట్టీ అబద్ధం చెప్పదు సార్. భయం ఉందా లేదా అని మాత్రమే చెబుతుంది. ఆ భయం మనిషిచేత ఏం చేయించిందో చెప్పలేదు. అది మనిషినే అడగాలి. మేము అడగలేదు."

సబ్ కలెక్టర్ ఒక్కొక్క గొట్టాన్నీ తిప్పి చూశారు. తర్వాత గదిలోంచి అందరినీ బయటికి పంపేశారు. వీరభద్రప్ప లేవడానికి కాస్త ఆలస్యం చేశాడు గానీ లేవక తప్పలేదు. అక్క, నేను, హబీబుల్లాగారు మాత్రం మిగిలాం.

"కూర్చోండమ్మా. మీకు భయంగా ఉందా?"

"ఉండాది సార్. ల్యాకుండా ఎట్లుంటాది?"

"దేనికి?"

"చెట్లకు. మూడు వందల చెట్లుండాయి. మా ఆయన వాటిని పిల్లోళ్ళ మాదిరి సాకినాడు."

"బెదిరించినవాళ్ళు మీరు ఏం చేయాలంటున్నారు?"

"నిలబడొద్దంటాండారు."

"మీరేం సంతకం పెట్టారు?"

అక్క ఆయన్ను వింతగా చూసింది, ఇంత చదివినవాడికి ఇదీ తెలియదా అన్నట్టు. "నిలబడతానని పెట్టినా సార్."

సబ్ కలెక్టర్ కలం తీసుకున్నారు. "వాళ్ళు వద్దన్నది మీరు చేశారు. అంటే ఈ సంతకం వాళ్ళది కాదు, మీదే. ఇంతకన్నా మీది ఇంకెలా అవుతుంది?" అని రాస్తూనే అన్నారు. నామినేషన్ చెల్లుతుందని నాలుగు వరసలు. కింద ఇంకో రెండు వరసలు: అభ్యర్థి దేనికి భయపడుతున్నానని చెప్పిందో దానికి పోలింగు ముగిసేదాకా కాపలా పెట్టవలెను.

"అయితే మా తోటకు పోలీసులొస్తారా?" అంది అక్క.

"వస్తారమ్మా."

"కాయలు తింటారేమో."

సబ్ కలెక్టర్ మొదటిసారి నవ్వారు. హబీబుల్లాగారు నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు. నేను గొట్టాలు సంచిలో సర్దుకున్నాను. బయటికొచ్చి వరండా స్తంభం పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాను.

తర్వాతి పనులు చకచకా జరిగాయి. పదిహేడు నామినేషన్లూ మళ్ళీ చూశారు. పద్నాలుగు చెల్లాయి. మిగిలిన మూడూ నిజంగానే మొగుళ్ళ బలవంతంతో పెట్టినవి. ఆ ముగ్గురు ఆడవాళ్ళూ తలుపు వేసిన గదిలో, మాకొద్దు తల్లీ అని చేతులెత్తి దండం పెట్టారట. సంఘం ఏడో నిబంధనను తిరగరాసింది. పట్టీ నలుగురి ముందూ వేయకూడదు. ఎర్రబడితే తిరస్కరించకూడదు. తలుపు వేసి రెండు మాటలు అడగాలి: నిన్ను బెదిరించినవాళ్ళు ఏం చేయమంటున్నారు, నువ్వు దేనికి సంతకం పెట్టావు. రెండూ ఒకటే అయితే సంతకం ఆపాలి. వేరైతే సంతకం తీసుకుని, ఆ మనిషికీ, దేనికి భయమని ఆమె చెప్పిందో దానికీ రక్షణ ఇవ్వాలి. నా వాక్యాన్ని తీసేశారు. దానికి నాకేమీ బాధ లేదు.

కాపలాకు వచ్చిన ఇద్దరు కానిస్టేబుళ్ళు చీనీ చెట్ల నీడలో మంచాలు వేసుకున్నారు. కాయలు తిన్నారు కూడా. బావ రోజూ వాళ్ళకు మజ్జిగ తీసుకుపోయేవాడు. మాటల పొదుపరి బావ, పాదులు ఎలా తీయాలో వాళ్ళకు గంటలకొద్దీ చెప్పేవాడట. ఇంకో చెట్టు మీద గొడ్డలి పడలేదు. పోలింగు రోజు ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత సర్పంచిని ఎన్నుకోవడానికి మా ఊళ్ళో జనం వరస కట్టారు. కాగితం మీద ఓటెలా వేయాలో మరిచిపోయి ఒక ముసలావిడ సిరా వేలితో బయటికొచ్చేస్తే, మళ్ళీ లోపలికి పంపాల్సి వచ్చింది. అక్క ముప్పై ఎనిమిది ఓట్లతో గెలిచింది.

మూడు నెలల తర్వాత ఆదివారం పూట ఊరికి పోయాను. పంచాయతీ ఆఫీసు తలుపులు తీసే ఉన్నాయి. గోడకు మేకు, మేకుకు ఇనుప పిడి. నేను చూస్తుండగానే ఒకామె చంకన బిడ్డతో వచ్చి, ఎవరినీ అడగకుండా పిడి తీసుకుని పోయింది. కాసేపటికి తెచ్చి మళ్ళీ తగిలించింది.

అక్క ఇంట్లో పప్పు తిరగమోత పెడుతూ ఉంది. నా సంచిలో కొత్త పట్టీలు ఉన్నాయి. ఊరికే ఒకటి తీసి అక్క మణికట్టుకు అంటించాను. అరవై లెక్కపెట్టాను. పట్టీ పసుపుగానే ఉంది.

అక్క దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది పాడైంది పాపా. ఇంగోటి వెయ్యి."

ఇంకోటి వేశాను. అదీ పసుపే. మూడోది వేసేటప్పుడు ఇద్దరం కలిసి లెక్కపెట్టాం. అరవై దాటి వంద దాకా పోయాం. రంగు మారలేదు.

"చేతులు కడుక్కుంటా ఉండు," అని లేవబోయింది అక్క.

"వద్దులే అక్కా. పట్టీ బాగానే ఉండాది."

అక్క పీట మీద కూర్చుండిపోయింది. మణికట్టు మీది పసుపు పట్టీని రెండో చేత్తో మూసి పట్టుకుని, చిన్నపిల్లలా ఏడ్చింది. పొయ్యి మీద పప్పు అడుగంటుతున్న వాసన వచ్చింది. మేమిద్దరం లేవలేదు.